గులాబీ రంగు పురుగు, బీటీ పత్తి: అపోహలు – వాస్తవాలు

నవంబరులో పరకాల, నర్సంపేట వైపు పత్తి చేలకు వెళ్లినప్పుడు నేను ముందుగా పచ్చికాయ కోసి చూస్తాను. పైకి నిగనిగలాడే కాయలో రెండు గింజలను జతగా అతికించుకుని గులాబీ రంగు పురుగు కనిపిస్తుంది. పంట కీటకాలపై పనిచేసే నాకు ఆ గట్ల మీద తరచుగా వినిపించే మాటలివి.

అపోహ: “పురుగు బీటీకి అలవాటు పడ్డది సార్.”

వాస్తవం: విషానికి అలవాటు పడి, ఆ అలవాటును పిల్లలకు అందించే పురుగు లేదు. బీటీ పత్తి మొక్క తనలోనే తయారుచేసుకునే, పురుగును చంపే బీటీ ప్రోటీన్, పురుగు పేగు గోడ మీద ఉండే మరో ప్రోటీన్‌కు అతుక్కుంటేనే దానిని చంపగలదు. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో మార్పులు అవసరంతో నిమిత్తం లేకుండా, యాదృచ్ఛికంగా పుడతాయి. బ్యాక్టీరియాలో ఇలాంటి మార్పులు ఒత్తిడి ఎదురుకాక ముందే ఉంటాయని లూరియా, డెల్‌బ్రక్ అనే శాస్త్రవేత్తలు 1943లోనే నిరూపించారు. ఊరంతా బీటీ వేసినప్పుడు మామూలు పురుగులు చచ్చి, మార్పు ఉన్న ఆ కొన్నే మిగిలి, వాటిలో అవే జతకట్టడంతో తరతరానికీ ఆ జన్యువు వాటా పెరిగిపోతుంది.

అపోహ: పరిణామానికి లక్షల ఏళ్లు పడుతుంది.

వాస్తవం: దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, 2010 నాటికే గుజరాత్‌లో ఈ పురుగు దానిని తట్టుకుంది. 2006లో వచ్చిన రెండు బీటీ జన్యువుల విత్తనానికీ దశాబ్దం తిరిగేసరికి అదే గతి పట్టింది.

అపోహ: “నాన్ బీటీ విత్తనం పెడితే పురుగును పెంచినట్టే.”

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ మాటే. గతంలో 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో వేరుగా ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం గట్టు మీదే పడి ఉండటం ఎన్నోసార్లు చూశాను. తట్టుకునే గుణం సాధారణంగా తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. నాన్ బీటీ మొక్కల మీద పెరిగిన మామూలు రెక్కల పురుగులు తట్టుకునే వాటితో జతకడితే, పుట్టే పిల్లలు బీటీ కాయ తిని చస్తాయి. పత్తి కాయను తొలిచే మరో పురుగైన శనగపచ్చ పురుగుకు కంది, శనగ వంటి వేరే పంటలున్నాయి కాబట్టి ఆ కలయిక దానంతటదే జరుగుతుంది. గులాబీ రంగు పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది కాబట్టి ఆ చోటు మనమే ఇవ్వాలి. అరిజోనా రైతులు ఏళ్ల తరబడి ఆ చోటు ఇచ్చారు, ఆ తర్వాత అక్కడ పిల్లలను పుట్టించలేని గొడ్డు రెక్కల పురుగులనూ వదిలారు. 2018లో అమెరికా తన పత్తి ప్రాంతాల్లో ఈ పురుగు లేదని ప్రకటించింది.

అపోహ: పురుగుమందు మోతాదు పెంచితే చస్తుంది.

వాస్తవం: కాయ లోపలికి మందు చేరదు, పైగా ఆ మందును తట్టుకునేవే మిగులుతాయి. డిసెంబరు చివరికల్లా పంట ముగించి పత్తి కట్టె తీసేస్తే, మార్చి దాకా పుట్టవలసిన తరాలకు కాయే దొరకదు.