సిరోంచా నుంచి పాసింగ్‌కు: ఒక సర్టిఫికెట్ వెనక ఎనభై ఏళ్ల దారి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచాలో బండికి ‘పాసింగ్’ చేయిస్తారు. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు పోతే అదే పని ‘ఎఫ్‌సీ’. కాస్త పెద్దవాళ్లను అడిగితే ‘బ్రేకు చేయించడం’ అంటారు. కాగితాల్లో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అని ఎంత రాసుకున్నా, ఆ పని చేసే అధికారి వాళ్లకు ఇప్పటికీ బ్రేకిన్‌స్పెక్టరే. మూడు మాటలూ చెప్పేది ఒకటే: కిరాయికి తిరిగే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని సర్కారు ఇచ్చే కాగితం, ఫిట్‌నెస్ సర్టిఫికెట్.

మరాఠీ నుంచి మాకొచ్చిన పాసింగ్ అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ‘ఎంహెచ్ 33 పాసింగ్’ అంటే గడ్చిరోలి జిల్లాలో రిజిస్టరైన బండి అని. పరీక్షకూ రిజిస్ట్రేషన్‌కూ ఒకే మాట వాడటం జనం చేసే పొరపాటు అనుకునేవాణ్ని. చట్టం చదివాక నాదే పొరపాటని తెలిసింది. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని రవాణా వాహనానికి చెల్లే రిజిస్ట్రేషన్ లేనట్టే లెక్క. గడువు దాటిన మర్నాడు నంబరు ప్లేటు బండికే ఉంటుంది, చట్టం దృష్టిలో మాత్రం అది నంబరు లేని బండి.

మా మేనమామకు ఒక కాలీపీలీ జీపు ఉండేది. నల్లరంగు ఒళ్లు, పసుపురంగు నెత్తి. విదర్భ పల్లెల్లో ఎస్టీ బస్సు (మహారాష్ట్ర సర్కారీ బస్సు) పోని చోటికి పోయేవి ఇవే. పాసింగ్ తేదీ దగ్గర పడితే ఇంట్లో పెళ్లి హడావుడి మొదలయ్యేది. రంగు వేయించడం, వెనకా పక్కలా రేడియం అంటించడం, ఏడాదంతా మూలుగుతూ పడున్న ఇండికేటర్లకు కొత్త బల్బులు, మే నెల ఎండలో వైపర్లకు కొత్త రబ్బర్లు. మందుల పెట్టె పక్కింటి బండిలోంచి వచ్చేది. టైర్లు కూడా. పక్కింటాయన తన జీపుకు కొత్త టైర్లు వేయించుకున్న ఏడాది, ఆయన పాసింగ్ అయిపోగానే అవి మా జీపుకు మారాయి. అలా ఆ నాలుగు టైర్లు ఒకే నెలలో రెండుసార్లు పాసయ్యాయి. “ఇది తప్పు కదా మామా” అంటే, “తప్పేరా అల్లుడా. రెండొందల కిలోమీటర్లు పోయి టైరు బాగాలేదని తిరిగొస్తే ఆ డీజిలు ఎవరిస్తారు?” అన్నాడు.

ఆ రెండొందల కిలోమీటర్లే ఈ కథకు కీలకం. సిరోంచా నుంచి ఆలాపల్లి, ఆష్టి, చామోర్షి మీదుగా గడ్చిరోలి చేరేసరికి దాదాపు అంత దూరం అవుతుంది. రాత్రి బయల్దేరితే పొద్దున ఆఫీసు తెరిచే వేళకు లైన్లో ఉండొచ్చు. నది దాటి తెలంగాణలోకి పోతే ఇంకో జిల్లా కేంద్రం ఇందులో సగం దూరం కూడా ఉండదు. కానీ అక్కడ మన బండిని చూసేవాళ్లు లేరు, ఎందుకంటే ప్లేటు మీద మొదటి రెండక్షరాలు వేరు.

బండికి పరీక్ష పెట్టాలన్న ఆలోచన దేశంలో ఎప్పుడు గట్టిపడింది? 1914లో మోటారు వాహనాల చట్టం వచ్చింది గానీ, దాని గురి ఎక్కువగా రిజిస్ట్రేషనూ లైసెన్సూ. వివరాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రాసుకునేది. 1920ల చివరికి కిరాయి బస్సులు పెరిగి, రైలు పక్కనే పరుగెత్తి ప్రయాణికులను ఎత్తుకుపోతుంటే రైల్వేలకు దిగులు పట్టుకుంది. 1932-33లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు ఈ పోటీ మీద నివేదిక ఇచ్చారు. ఆ చర్చల వరుసలోనే 1939 చట్టం తయారైంది. పర్మిట్లు, రూట్లు, మూడో పక్షానికి బీమా అందులోంచి వచ్చినవే. కిరాయికి తిరిగే ప్రతి బండికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలన్న 38వ సెక్షనూ అందులోదే. ప్రాణాలు కాపాడాలన్న ఉద్దేశం దాని వెనక లేకపోలేదు. కానీ రైలును కాపాడాలన్న తొందర కూడా ఉంది. గడ్చిరోలి జిల్లా మొత్తానికి రైలు తగిలేది ఉత్తరం కొసన దేశాయిగంజ్ దగ్గర. సిరోంచాకు ఇవాళ్టికీ పట్టాల్లేవు. రైలు లేని ఊరి జీపు రైలు కోసం పుట్టిన చట్టానికి లోబడి తిరుగుతోందన్నమాట.

1939 నాటి ఏర్పాటులో పరీక్ష అంటే ఒక మనిషి కన్ను. అధికారి బండి చుట్టూ తిరిగి, హారన్ కొట్టించి, కాస్త దూరం నడిపించి బ్రేకు తొక్కమంటాడు. టైరు ఎక్కడ ఆగిందో చూస్తాడు, స్టీరింగు ఎంత ఆడుతోందో చూస్తాడు. సర్టిఫికెట్ ఎంతకాలం చెల్లాలో చట్టం పెట్టిన హద్దుల్లో తనే రాస్తాడు. బ్రేకిన్‌స్పెక్టరు అనే పేరు అలా స్థిరపడింది. ఆ కాలానికి అంతకన్నా మార్గం లేదు. తరువాతి తగాదాలన్నీ ఆ ఒక్క కన్నును ఎంతవరకు నమ్మవచ్చు అన్నదాని చుట్టూ తిరిగాయి.

మా వైపు ఇంకో చిక్కుంది. ఆ కన్ను ఎవరిదన్నదే స్థిరంగా లేదు. సిరోంచా ఒకప్పుడు అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రం. 1874లో ఆ జిల్లా రద్దయి, భద్రాచలం వైపు తాలూకాలు మద్రాసుకు పోయాయి, సిరోంచా సెంట్రల్ ప్రావిన్సుల్లోని చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. మోటార్లు వచ్చేనాటికి ఇది నాగపూర్ మాట వినే ప్రాంతం. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960 మే 1న మహారాష్ట్ర. 1982 ఆగస్టులో చాందా నుంచి గడ్చిరోలి విడిపోయింది. ఇటు రాజురా, కిన్వట్ కథ వేరు. అవి హైదరాబాద్ సంస్థానంలో ఆదిలాబాద్ జిల్లా తాలూకాలు. 1956లో నాందేడ్ వైపు వచ్చాయి, రాజురా ఆ తరువాత చాందాకు మారింది. ఊళ్లు కదల్లేదు, ఇళ్లలో తెలుగు పోలేదు. బండి చూపించాల్సిన ఆఫీసు మాత్రం తరానికోసారి దిక్కు మార్చుకుంది. ఇప్పుడు గడ్చిరోలిది 33, చంద్రపూర్‌ది 34, నాందేడ్‌ది 26.

1988 చట్టం 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 38వ సెక్షన్ 56 అయింది. కొత్త బండికి రెండేళ్లు, ఆ తరువాత ఏటేటా పాసింగ్ అని కేంద్ర నియమాలు చెప్పాయి. ఏటా అన్న మాట జనం నోట స్థిరపడింది అప్పుడే. 2018 నవంబరులో దీన్ని సడలించారు. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. 56వ సెక్షన్‌లో ఇంకో రెండు ముక్కలున్నాయి. ఒకటి, ఈ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. రెండు, దాన్ని సర్కారు అధికారే కాకుండా అనుమతి పొందిన టెస్టింగ్ స్టేషన్ కూడా ఇవ్వొచ్చు. ఈ రెండోది కాగితం మీదే ముప్పై ఏళ్లు నిద్రపోయింది. మొదటిదాన్ని మా మామ ఇలా చెప్పేవాడు: “కాగితం కాశ్మీరుకు పోయినా చెల్లుతదట, తేవడానికి మాత్రం గడ్చిరోలికే పోవాలట.”

దూరపు తాలూకాల కోసం రవాణా శాఖ క్యాంపులు పెట్టేది. ఇన్‌స్పెక్టరు ఫలానా రోజున తాలూకా కేంద్రానికి వస్తాడని తెలిస్తే బండ్లన్నీ ఒక మైదానంలో వరుస కట్టేవి. జనానికి సుఖం. పరీక్ష ఎలా జరిగేదో అందరికీ తెలుసు. పొద్దుగూకేలోపు అంతమంది బండ్లను అక్కడికక్కడే నడిపి చూడటం ఎవరి తరం?

ఈ ప్రశ్ననే పుణేకు చెందిన ఒక పౌరుడు బొంబాయి హైకోర్టు ముందు పెట్టాడు. 2013 నాటి ఆ ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2016 ఫిబ్రవరిలో కోర్టు గట్టిగా చెప్పింది. బ్రేకు పరీక్ష నిజంగా జరగాలంటే బండి వేగం అందుకుని ఆగడానికి చోటుండాలి, కాబట్టి ప్రతి ఆర్టీవో ఆఫీసుకూ 250 మీటర్ల టెస్ట్ ట్రాక్ ఉండాలి అని. మహారాష్ట్రలో పాసింగ్ చరిత్రను ‘250 మీటర్లకు ముందు, తరువాత’ అని విడదీయొచ్చు. స్థలాలు దొరకలేదు, గడువులు దాటాయి, కోర్టు కోప్పడింది, నియమాలు పాటించకుండా ఫిట్‌నెస్ ఇచ్చారని ఇన్‌స్పెక్టర్లను సస్పెండ్ చేశారు. 2018లో ట్రాకు లేని ఆఫీసుల్లో పాసింగ్ ఆపేయాల్సి వచ్చింది. ఆ ఆఫీసుల బండ్లు పక్క ఆఫీసుల దారి పట్టాయి.

కోర్టు చెప్పింది తప్పని నేననను. ఘాట్ రోడ్డులో బ్రేకు పడని లారీ ఎదురైనవాడెవడూ అనడు. కానీ కొలత ముంబయి, పుణేలను చూసి పెట్టింది. అక్కడ ట్రాకు లేకపోతే ఇంకో ఆఫీసు గంట దూరం. ఇక్కడ ఒక్క మైదానం క్యాంపు పోతే దాని బదులు ఒక రాత్రి ప్రయాణం, ఒకరోజు కిరాయి నష్టం, హోటలు భోజనం. ఈ ఖర్చులకు ఏ నియమంలోనూ పద్దు లేదు. ఏజెంటు చేతిలో కాగితాలు పెట్టే అలవాటు పెరిగిందంటే, బద్ధకం కన్నా ఈ లెక్కే దానికి ఎక్కువ కారణం.

డబ్బు సంగతి 2016 డిసెంబరులో మొదలవుతుంది. ఆ నెల కేంద్రం రుసుములు పెంచుతూ, ఫిట్‌నెస్ గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు రుసుము పెట్టింది. చిన్న మొత్తంలా కనిపిస్తుంది. ఏడాది దాటితే 18,250. మహారాష్ట్రలో బండ్ల యజమానులు కోర్టుకు పోవడంతో ఇది చాలాకాలం ఆగింది. మధ్యలో కరోనా వచ్చింది. 2020 ఫిబ్రవరి 1 తరువాత గడువు తీరిన కాగితాలు చెల్లుతాయని కేంద్రం పొడిగిస్తూ పోయి 2021 అక్టోబరు 31 దగ్గర ఆపింది. ఆ రెండేళ్లలో పాసింగ్ అన్న మాటే మరచిపోయినవాళ్లు నాకు తెలుసు. 2024 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది, మేలో వసూలు మొదలైంది. ఏడేళ్లు బండి మూలన పడేసినవాడికి రోజుకు 50 లెక్కన కడితే లక్షా పాతికవేలు దాటుతుంది. పాత ఆటోను అమ్మితే అందులో సగం వస్తుందో రాదో. ఆటో, టాక్సీ సంఘాలు రోడ్డెక్కాయి. అదే ఏడాది జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఆ వసూలును నిలిపేసింది.

వయసు మీద పన్ను ఇంకో వైపు నుంచి వచ్చింది. 2021 బడ్జెట్‌లో పాత వాహనాల తుక్కు విధానం ప్రకటించారు. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన లారీ, బస్సు ఫిట్‌నెస్‌కు 1,500 స్థానంలో 12,500 కట్టాల్సి వచ్చింది. 2025 నవంబరులో మళ్లీ పెంచి, పదేళ్లు దాటినప్పటి నుంచే మెట్లు కట్టారు. 20 ఏళ్లు దాటిన భారీ వాహనానికి 25,000. పాత బండిని ఎవరూ బలవంతంగా తుక్కుకు తోయరు, దాన్ని ఉంచుకోవడం బరువయ్యేలా చేస్తారు. సరిహద్దు తాలూకాల్లో ఇది సూటిగా తగిలింది, ఎందుకంటే పట్నాల్లో పదేళ్లు తిరిగి అలసిన బండ్లు రెండో చేతికో మూడో చేతికో చేరేది ఇక్కడికే.

ఇక కన్ను స్థానంలో యంత్రం. మహారాష్ట్రలో మొదటి ఆటోమేటిక్ తనిఖీ కేంద్రం నాసిక్‌లో వచ్చింది. అక్కడ బండిని రోలర్ల మీదికి ఎక్కిస్తారు. ఏ చక్రం బ్రేకు ఎంత బలంగా పడుతోందో యంత్రమే చెబుతుంది. హెడ్‌లైటు వెలుగు ఎటు పడుతోంది, పొగ ఎంత చిక్కగా ఉంది, చక్రాలు పక్కకు లాగుతున్నాయా, అన్నీ అంకెల్లో వస్తాయి. అరువు తెచ్చిన టైరును యంత్రమూ పట్టుకోలేదు గానీ, వంగిన యాక్సిల్‌ను మాత్రం మాటలతో దాటించలేం. 2019లో చట్టాన్ని సవరించి ఇలాంటి కేంద్రాలనే తప్పనిసరి చేసే వీలు కల్పించారు. 2021 సెప్టెంబరులో వాటి నియమాలు వచ్చాయి. భారీ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అన్నారు, కేంద్రాలు లేక 2024 అక్టోబరు 1కి జరిపారు. 1988లో నిద్రపోయిన ముక్క ఇలా మేలుకుంది.

ఈ వరుసలో మావైపు ఎవరూ పెద్దగా పట్టించుకోని మార్పు 2022 నాటిది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలోని ఆటోమేటిక్ కేంద్రంలో పరీక్ష చేయించుకోవచ్చని ఆ సవరణ చెప్పింది. సిరోంచా జీపు గడ్చిరోలి వైపు తిరక్కుండా గోదావరి దాటి పోవడానికి చట్టంలో దారి పడింది అప్పుడే. 1874 నుంచి గీస్తూ వచ్చిన గీతల్లో ఇది ఒక్కటే దూరాన్ని పెంచకుండా తగ్గించగలిగేది. యంత్రం మాత్రం నది దగ్గర్లో ఉండాలి.

మామ జీపు ఇప్పుడు లేదు. ఆయన కొడుకు సామాను వేసే చిన్న బండి నడుపుతున్నాడు, దానికి ఎనిమిదేళ్లు నిండబోతున్నాయి. వచ్చేసారి నుంచి పాసింగ్ ఏటా. మొన్న ఫోన్ చేసి, మంచిర్యాల వైపు మెషీన్ సెంటర్ ఏదైనా పెడుతున్నారా బావా, కనుక్కొని చెప్పు అన్నాడు.