నడివయసు వెలితి, కృతజ్ఞత, విశ్వాసం: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో క్రైస్తవ కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. వచ్చేవాళ్లలో నలభై దాటినవాళ్లే ఎక్కువ. ఇల్లు కట్టుకున్నారు, పిల్లలు ఇంజినీరింగ్‌కి వచ్చారు, ఆదివారం ఆరాధన తప్పరు. "ఇంతేనా అండీ జీవితం?" అంటారు. ఆ వెంటనే "అలా అనకూడదులెండి, దేవుడు అన్నీ ఇచ్చాడు" అని తమకు తామే సర్దిచెప్పుకుంటారు. నాకు బాధ కలిగించేది ఆ రెండో మాట. అసలు చెప్పుకోవాల్సింది అక్కడే గొంతులో ఆగిపోతుంది.

అపోహ: అసంతృప్తి ఉందంటే విశ్వాసం సన్నగిల్లినట్టే.

బైబిల్లోని ప్రవక్త ఏలీయాను చూడండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసినవాడు. ఆ వెంటనే అరణ్యంలో బదరీవృక్షం కింద కూలబడి "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అని దేవుణ్ణి అడిగాడు (1 రాజులు 19). దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు, అదీ రెండుసార్లు. ఆ తర్వాత పని అప్పగించి, ఎలీషాను తోడిచ్చాడు. అలిసిపోయిన మనిషికి ముందు తిండీ నిద్రా, ఆ పైన పనీ తోడూ. ఈ వరుస నా పనిలో రోజూ అక్కరకొస్తుంది.

కీర్తనల్లోనూ అంతే. చేసిన ఉపకారాలు మరువవద్దనే 103వ కీర్తన ఉన్న గ్రంథంలోనే "ఎన్నాళ్లు?" అంటూ మొదలయ్యే 13వ కీర్తనా ఉంది. 88వదైతే చీకటి మాటతోనే ముగుస్తుంది. మొర పెట్టుకోవడం విశ్వాసి చేసే పనే.

అపోహ: నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను చూసి కృతజ్ఞత నేర్చుకో.

మంచి మనసుతోనే అంటారు. కానీ టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరికి అమరావతిలో ప్లాటుంది, ఎవరి అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడని చూసి కుంగిపోవడం ఎలాంటిదో, కిందివాళ్లను చూసి ఊరట పొందడమూ అలాంటిదే. రెండింట్లోనూ పక్కవాడితో పోలికే. లూకా 18లో పరిసయ్యుడు, అంటే ఆచారాల్లో నిష్ఠగల యూదుడు, దేవుడికి చెప్పింది కృతజ్ఞతే! అక్కడే ప్రార్థిస్తున్న సుంకరిలా (పన్నులు వసూలు చేసేవాడిలా) లేనందుకు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది మాత్రం సుంకరి.

బాధ దాచుకుంటేనే కృతజ్ఞత అనుకునేవాళ్లు యోహాను 11 మళ్లీ చదవాలని నా విన్నపం. చనిపోయిన స్నేహితుడు లాజరు కోసం యేసు కన్నీళ్లు విడిచాడు. కొద్దిసేపటికే అదే సమాధి దగ్గర తండ్రికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. మీకూ ఆ రెండూ ఒకే రోజు ఉండొచ్చు.

అపోహ: రోజూ పెద్ద జాబితా రాస్తే మనసు కుదుటపడుతుంది.

అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లో అనే మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధన చాలామంది విన్నదే. అందులో ఒక ప్రయోగంలో విద్యార్థులు పది వారాల పాటు, వారానికి ఒక్కసారి, అయిదు విషయాల దాకా రాశారు. చికాకులు రాసినవాళ్ల కంటే మేలులు రాసినవాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా భావించారు. వారానికి ఒక్కసారే, గమనించండి. రోజూ రాస్తే అది హాజరుపట్టీలా తయారవడం నేను చూస్తూనే ఉన్నాను.

మిర్చి యార్డులో లెక్కలు రాసే ఒకాయన (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను) పుస్తకం తెచ్చి చూపించారు. ప్రతి పేజీలో "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం." "నిన్న మీకు ఎవరు, ఏం చేశారు?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించారు. "సీజన్లో ఇంటికొచ్చేసరికి ఒంటినిండా మిర్చి ఘాటేనండి. మా ఆవిడ గుమ్మం దగ్గరే బకెట్‌తో నీళ్లు, పాత లుంగీ పెట్టి ఉంచుతుంది. పెళ్లయిన కాణ్ణుంచీ." ఆ మాట ఆవిడతో ఎప్పుడైనా అన్నారా అంటే, "ఇంట్లోవాళ్లకి థాంక్సేంటండీ!" అన్నారు. అయినా వెళ్లి చెప్పారు. ఒంట్లో బాగాలేదేమోనని ఆవిడ నుదురు పట్టుకుని చూశారట. తర్వాతి వారం ఇద్దరూ కలిసి వచ్చారు. తమ్ముడు పైకెదిగి తాను అక్కడే ఉండిపోయానన్న కుమిలిపాటు ఆయన ఆవిడ ముందు మొదటిసారి బయటపెట్టారు. అది ఇంకా పూర్తిగా పోలేదు. ఇప్పుడు దాన్ని ఆయన ఒక్కరే మోయడం లేదు, అంతే.

అపొస్తలుడు పౌలు ఏ స్థితిలోనైనా సంతృప్తిగా ఉండడం "నేర్చుకొనియున్నాను" అన్నది చెరసాల నుంచి. ఆ మాట ఎక్కడుందంటే, ఎపఫ్రొదితు అనే సహోదరుడి చేత ఫిలిప్పీ సంఘంవాళ్లు పంపిన సాయానికి కృతజ్ఞత చెబుతున్న చోటే (ఫిలిప్పీ 4). ఎవరు పంపారు, ఎవరి చేత పంపారు, రెండూ పేరుపెట్టి చెప్పాడు.

అపోహ: ఈ వయసులో సంక్షోభం అందరికీ తప్పదు, ఆ పైన ఇక ఏమీ ఉండదు.

"నడివయసు సంక్షోభం" అన్న పేరు 1965లో ఎలియట్ జాక్వెస్ అనే మానసిక విశ్లేషకుడి వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. అందరికీ వచ్చి తీరేదేమీ కాదు. ఇక వయసంటారా, 1842లో గుంటూరులో అడుగుపెట్టేనాటికి అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్‌కు 49 ఏళ్లు, అప్పటికే భార్యను పోగొట్టుకున్నారు. మధ్యలో అమెరికా వెళ్లి 1847లో వైద్య పట్టా తీసుకుని మళ్లీ వచ్చారు. అందరూ అంత చేయాలని చెప్పను. ఆదివారం బడిలో పది మంది పిల్లలకు పాట నేర్పినా అది పనే.

అపోహ: ప్రార్థన ఉండగా డాక్టరెందుకు?

1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ మిషనరీగా వచ్చి వైద్యం చేసిన ఊళ్లో ఈ మాట వినాల్సి రావడం నాకు కష్టంగా ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర, ఆకలి చెడితే, దేని మీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. థైరాయిడ్ సమస్య వల్లా, ఆడవాళ్లలో నెలసరి ఆగే దశ వల్లా ఇలాంటి లక్షణాలు వస్తాయి. పరీక్ష చేయించుకుంటేనే తేలుతుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఉపవాస కూటం దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి, వాడుతున్న మందుల చీటీలు కూడా పట్టుకెళ్లండి.