ఉస్మానియా బిస్కెట్టు ఎందుకు మాడిపోయింది?

పోయిన ఆదివారం మా మేనకోడలు నా బొమ్మొకటి పాడుచేసింది. అలా అనడం అన్యాయంలెండి, చెయ్యమన్నది నేనే. ఏడాదిన్నరగా రోజూ సాయంత్రం పోస్టుకార్డంత కాగితం మీద పాస్టెల్‌తో ఏదో ఒకటి గీస్తున్నాను. పెద్ద విషయాలేమీ కావు. ఇత్తడి చెంబు, సగం కోసిన ఉల్లిపాయ, బాల్కనీలో ఆరేసిన తువ్వాలు, ఒకరోజు గ్యాస్ సిలిండర్. ఆ ఆదివారం సాసర్లో ఇరానీ చాయ్, పక్కన ఉస్మానియా బిస్కెట్టు. చాయ్ సరిగా రాలేదు కానీ బిస్కెట్టు కుదిరింది. నడుమ లేత పసుపు, అంచున గోధుమ రంగు, పైన పొడిపొడిగా ఆ మెరుపు. చెయ్యి తగిలితే పొడి రాలిపోతుందని, దాన్ని కాగితానికి పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే డబ్బా చేతికిచ్చి, కొట్టమన్నాను. అది దగ్గరగా పట్టుకుని బుస్సుమని కొట్టింది. మేం చూస్తుండగానే బిస్కెట్టు పెనం మీద మర్చిపోయినట్టు మాడిపోయింది.

"మామయ్యా, ఆరితే మళ్లీ వస్తుందా?"

సగం వచ్చింది. మిగతా సగం రాలేదు. అది ఎక్కడికి పోయిందో చెప్పడానికి కూర్చున్నాను.

పాస్టెల్ కర్రలో ఏముంటుందో త్వరగా చెప్పేస్తాను. రంగు పొడి, సుద్దలాంటి తెల్ల పొడి, అంటుకోవడానికి కాస్త బంక. పిల్లలు వాడే ఆయిల్ పాస్టెల్స్ వేరే జాతి, వాటి సంగతి ఇక్కడ వద్దు. ముద్దగా పిసికి, కర్రల్లా చుట్టి, ఆరబెడతారు. పాస్టెల్ అన్న మాటకు మూలం ముద్ద అనే అర్థమున్న ఇటాలియన్ మాటే. మనం తినే పాస్తాకూ అదే మూలం. సంప్రదాయంగా వాడే బంక ట్రాగకాంత్, ఇరాన్ వైపు పెరిగే ఒక ముళ్లపొద నుంచి వస్తుంది. పర్షియన్‌లో దాన్నే కతీరా అంటారు. ఎండాకాలం షర్బత్‌లో నానబెట్టి వేసుకునే గోంద్ కతీరా పేరు అక్కడిదే. కాకపోతే మన బజార్లో ఆ పేరుతో అమ్మేది చాలాసార్లు వేరే చెట్టు బంక. బంక మరీ తక్కువ వేస్తారు, ఎక్కువైతే కర్ర గట్టిపడి గీత పడదు. అందుకే కాగితం మీద రేణువులు విడివిడిగా, వాటి మధ్య బోలెడంత గాలితో ఉంటాయి.

కథంతా ఆ గాలిదే.

పటికబెల్లం ముక్క చూడండి, గాజులా ఉంటుంది. రోట్లో వేసి దంచండి, తెల్లటి పొడి. తెలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఐస్‌గోలా బండి దగ్గరా అదే ప్రశ్న: పారదర్శకమైన ఐసు గడ్డ, గీకగానే మల్లెపూవు. కొత్త పదార్థమేదీ చేరలేదు. చేరింది గాలి. వెలుగు ఒక పదార్థంలోంచి ఇంకోదాన్లోకి అడుగుపెట్టే ప్రతిచోటా కొంచెం వెనక్కి తిరుగుతుంది. పొడి చేశామంటే అలాంటి గడపలు లక్షల్లో తయారుచేశామన్నమాట.

కొంచెమంటే ఎంత? ఇంటర్‌లో వక్రీభవన గుణకం (ఒక పదార్థంలో వెలుగు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) చెప్పేటప్పుడు నీళ్లలో వంగిన పెన్సిలు, గాజు పట్టకం చూపించి వదిలేస్తారు. పొడి తెల్లగా ఎందుకుంటుందో మా మాస్టారు చెప్పలేదు, తర్వాత పాఠాలు చెప్పిన ఇరవై ఏళ్లలో నేనూ చెప్పలేదు. సూత్రం చిన్నదే. రెండు గుణకాల తేడాను వాటి మొత్తంతో భాగించి, వర్గం చేస్తే, నిటారుగా పడ్డ వెలుగులో ఎంత భాగం వెనక్కి వస్తుందో తెలుస్తుంది. గాలికి 1, సుద్దకు సగటున 1.6 వేసుకోండి. 0.6ను 2.6తో భాగించి వర్గం చేస్తే 5 శాతం పైచిలుకు. అంటే ఏడు రేణువులు దాటేలోపే, పదమూడు పద్నాలుగు గడపల్లో, సగం వెలుగు వెనక్కి తిరిగినట్టే.

ఇప్పుడు గాలి తీసేసి నీళ్లు పోద్దాం. నీటి గుణకం 1.33. గడపకు 0.85 శాతమే వెనక్కి వస్తుంది. సగం తిరగడానికి 80 గడపలు కావాలి. నూనె పోస్తే, 1.48 కాబట్టి, గడపకు 0.15 శాతం. సగానికి సుమారు 450 గడపలు! వెలుగు సుద్దను సుద్దగా గుర్తుపట్టదు, దూసుకుపోతుంది. (ఏటవాలు కిరణాలు, వెనక్కి తిరిగి మళ్లీ ముందుకొచ్చేవి అన్నీ కలిపితే లెక్క ఇంత తేలిక కాదు. కానీ మొగ్గు ఇటే.) లోతుకు పోయిన వెలుగును రంగు రేణువులు మరింతగా మింగేస్తాయి. అందుకే తడిస్తే ఏ రంగైనా ముదురుతుంది, చిక్కనవుతుంది. ఫిక్సేటివ్ అంటే ద్రావకంలో కరిగించిన రెజిన్, అంటే ఆరితే గట్టిపడే జిగురులాంటిది. ద్రావకం ఆరిపోయినప్పుడు సగం గాలి తిరిగొచ్చింది. రెజిన్ మాత్రం రేణువుల సందుల్లో ఉండిపోయింది, దాని గుణకం ఇంచుమించు నూనెదే. తిరిగిరాని సగం అక్కడుంది.

ఇది మనకు తెలియని విషయమేం కాదు. మిర్చిబజ్జీ పొట్లం విప్పితే కాగితానికి నూనె తగిలినచోట అవతలి వెలుగు కనిపిస్తుంది. కాగితం తెలుపు కూడా నారల మధ్య గాలి చలవే, ఆ గాలిని నూనె తోసేసింది. తడి బియ్యప్పిండితో ముగ్గు పెడుతుంటే గీత సరిగా ఆనదు, ఆరాక ధగధగమంటుంది. గోడకు సున్నం వేసిన పూట గోడ తెల్లబడలేదని పనివాణ్ణి తిట్టి, మర్నాడు పొద్దున మాట మార్చుకున్న పెద్దవాళ్లు మా ఇంట్లో ఉన్నారు. సున్నం విషయంలో గాలిలోని కార్బన్ డయాక్సైడుతో రసాయన చర్యా ఉంది గానీ, ఒక్క రాత్రిలో వచ్చే తెలుపులో ఎక్కువ వాటా ఆరడానిదే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం వేరు, అక్కడ అణువే మారుతుంది. మా బిస్కెట్టులో ఏ అణువూ మారలేదు.

ఇక్కడ ఇంకో తెల్ల పొడి, టైటానియం డయాక్సైడును వదలకూడదు. దాని గుణకం 2.7 దాకా ఉంటుంది. గాలిలో గడపకు 21 శాతం వెనక్కి పంపుతుంది, నూనెలో ముంచినా 8 శాతం పైనే. గాలిలో ఉన్న సుద్దకన్నా ఎక్కువ! అందుకే గోడ పెయింటులో అది తడిమీదా తెల్లగానే ఉంటుంది. సుద్ద ఎక్కువ దట్టించిన చవక పాస్టెల్స్ ఫిక్సేటివ్‌కు దారుణంగా మాడతాయి, టైటానియం తెలుపు కలిసినవి అంతగా మాడవు. నా బిస్కెట్టు పసుపు ఏ రకందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పాతవాళ్లు ఈ బాధ పడ్డవాళ్లే. ఫ్రెంచి చిత్రకారుడు డెగా పొరకూ పొరకూ మధ్య ఫిక్సేటివ్ వేసుకుంటూ పోయేవాడు. ఇప్పటికీ చాలామంది కింది పొరలకే కొట్టి పైదాన్ని వదిలేస్తారు. కింది పొర ముదిరినా పై పొరలో గాలి మిగులుతుంది కదా. నాకు మాత్రం ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు షార్దాన్ ఇష్టం. జీవితమంతా వంటింటి గిన్నెలు, నీళ్ల గ్లాసులు నూనె రంగుల్లో వేసిన మనిషి, ముసలితనంలో కళ్లు దెబ్బతిని పాస్టెల్ పట్టుకున్నాడు. కళ్లద్దాలతో 1771లో గీసుకున్న తన బొమ్మ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అలాంటి బొమ్మలను అద్దం వెనక, అద్దం తగలకుండా సందు వదిలి బిగిస్తారు. అద్దం బదులు మామూలు యాక్రిలిక్ షీటు వేస్తే, తుడిచినప్పుడల్లా పుట్టే స్థిర విద్యుత్తు పొడిని లాగేసుకుంటుంది.

కాగితం గురించి ఒక్క మాట. నున్నటిదాని మీద పొడి నిలవదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే సన్నరకం ఉప్పుకాగితం మీద భలే నిలుస్తుంది, వేళ్ల చర్మం మాత్రం నిలవదు. రాలిన పొడిని నోటితో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాగితం నిలబెట్టి వెనక తట్టండి. వానాకాలం కర్రలకు బూజు పడితే బంక తిండి దొరికిందని అర్థం.

మొన్న ఎదురింటి గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ గీశాను. దిష్టి సంగతి నేను నమ్మను, ఆ బూడిదను నమ్ముతాను. అది సూక్ష్మమైన మైనపు పలుకులు, మధ్యలో గాలి. అచ్చం పాస్టెలే. బొటనవేలితో రుద్దితే పలుకులు నలిగి, గాలి పోయి, కింద ఆకుపచ్చ బయటపడుతుంది. నల్ల ద్రాక్ష మీది తెల్లపొరా మైనమే, మందు కొట్టిన మరక అనుకుని భయపడక్కర్లేదు. (మందులూ కొడతారు కాబట్టి కడుక్కునే తినండి.) ముదురు రంగు మీద పల్చటి తెల్ల పొర కాస్త నీలంగా కనిపిస్తుంది, ఎందుకంటే చాలా సన్నటి రేణువులు నీలం వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి. అగరుబత్తి పొగ నల్ల తలుపు ముందు నీలంగా కనబడేది అందుకే. కాబట్టి నీలం కర్ర ముట్టుకోలేదు. ముదురాకుపచ్చ పరిచి, దాని మీద తెల్ల కర్రను బరువు వేయకుండా దొర్లించాను. వేలితో రుద్దలేదు. వేలితో రుద్దితే గుమ్మడికాయకు జరిగిందే బొమ్మకూ జరుగుతుంది.

అయ్యాక ఫిక్సేటివ్ జోలికి పోకుండా, పైన ట్రేసింగ్ పేపర్ కప్పి అట్టపెట్టెలో పెడుతుంటే మా మేనకోడలు ఆ కాగితాన్ని లైటుకు ఎత్తి పట్టుకుంది. "ఇదీ బజ్జీ కాగితమేనా మామయ్యా? దీనికి నూనె పూశారా?"

కొన్నిటికి పూస్తారు. చాలావాటికి అక్కర్లేదు. గుజ్జులోని నారను మామూలు కాగితానికి కన్నా చాలా ఎక్కువసేపు నలగ్గొడతారు. నారలు ఒకదానికొకటి అతుక్కుపోయి మధ్యలో గాలికి చోటుండదు.