పెంకు పగిలిన చప్పుడు

‘మొక్కకి కళ్లు లేవు, ముక్కు లేదు. బూజు వచ్చిందని దానికెలా తెలుస్తుందండీ?’ గుంటూరు దగ్గర మిరప నారు పోసే ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఆయన నారుమడి గట్టున దిష్టిబొమ్మ ఉంది. నారుకుళ్లు తెచ్చే పిథియం అనే బూజు నేలలోంచి వస్తుంది కాబట్టి, ఆ బొమ్మ ఎటు చూస్తోందో నాకర్థం కాలేదు.

ఇంటర్‌లో మాకు కణకవచం, అంటే మొక్క కణం చుట్టూ ఉండే గోడ, నిర్జీవం అని చెప్పి, మార్కు వేసి, పేజీ తిప్పేశారు. అసలు కథ అక్కడే ఉంది.

పెంకుటింట్లో పడుకున్నవాడికి దొంగ మొహం కనపడక్కర్లేదు. తన పెంకే పగిలి కింద పడితే చాలు, లేచి కూర్చుంటాడు. మొక్కదీ అదే పద్ధతి. కణాల గోడల్లో పెక్టిన్ ఉంటుంది, జామ జెల్లీని గట్టిపరిచేది అదే. అందులో గెలాక్టురానిక్ ఆమ్లం పూసలు దండలా గుచ్చి ఉంటాయి. బూజు తన ఎంజైముతో ఆ దండను కోస్తుంది. రాలిన ముక్కలు మొక్క ఒంటివే. కానీ విడిగా తిరగాల్సినవి కావు.

ఇక్కడ కొలత ముఖ్యం. ఇంటి మీదున్న పెంకు చప్పుడు చెయ్యదు, పొడైన పెంకూ చెయ్యదు. సుమారు 10 నుంచి 15 పూసలున్న ముక్కే బాగా మోగుతుంది. ఆ పొడవుంటే రెండు ముక్కలు కాల్షియంను మధ్యలో పెట్టుకుని జతకట్టగలవు. బూజు ఎంజైముని అడ్డుకోకుండా వదిలేస్తే అది ముక్కల్ని ఇంకా నూరి పొడి చేస్తుంది, సాక్ష్యం మాయం. అందుకే చాలా మొక్కలు ఆ ఎంజైముకి అడ్డుపడే ప్రొటీన్ని గోడలోనే పెట్టుకుంటాయి. అది కోతను పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది. దాంతో పెద్ద ముక్కలు ఎక్కువసేపు మిగులుతాయి. దొంగ చేతే పెంకులు సరైన సైజులో పగలగొట్టించడమన్నమాట! ఇది మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ముక్క అందిన నిమిషాల్లో కణంలోకి కాల్షియం దూసుకొస్తుంది, బయట హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, రక్షణ జన్యువులు మేలుకుంటాయి. 1981లో అమెరికాలో పీటర్ ఆల్బర్‌షైమ్ బృందం సోయా కణాల గోడల నుంచే ఇలాంటి ముక్కలు తీసి, అవి సోయాలో ఫైటోఅలెక్సిన్లనే శిలీంద్ర నిరోధకాలను పుట్టిస్తాయని చూపింది. మన మిరప తయారుచేసుకునే ఫైటోఅలెక్సిన్ పేరు కాప్సిడియాల్. కారానికీ దానికీ సంబంధం లేదు.

ఇదంతా ఊరికే రాదు. ల్యాబులో పరిశోధనకు వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మొలకలకు ఈ ముక్కలు ఎక్కువగా ఇస్తే అవి గిడసబారతాయి. ముక్కలు ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ పనికి అడ్డొస్తాయి మరి. అందుకని ఆ మొక్కలో ముక్కల్ని ఆక్సీకరించి నోరు మూయించే ఎంజైములూ ఉన్నాయి. అలా మూగబోయిన ముక్క బూజు ఎంజైముకి కూడా ఓ పట్టాన తెగదు.