తడి ఉన్నా వాడిపోయే నిమ్మ

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: “పడమటి బాల్కనీలో నల్ల ప్లాస్టిక్ కుండీలో నిమ్మ మొక్క పెంచుతున్నాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆకులు వేలాడిపోతున్నాయి. మట్టిలో వేలు పెడితే తడిగానే ఉంది. పూత రాలిపోతోంది. ఇంకా నీళ్లు పోయాలా?”

పోయకండి. ఎరువులు, కత్తిరింపుల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నన్ను ఆకట్టుకునేది కుండీ గోడ. మీ మొక్క కష్టమంతా అక్కడే ఉంది.

ఉద్దానంలో నేలలో పాతుకున్న పనస చెట్టుకు ఈ బాధ లేదు. మే నెల ఎండకు పైమట్టి కాళ్లు కాల్చేంత వేడెక్కినా, అడుగు లోతున పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో పెద్దగా తేడా ఉండదు. కుండీకి ఆ లోతు లేదు. పైగా వేర్లు పెరిగి పెరిగి గోడకు తగిలి, దాని వెంటే చుట్లు తిరుగుతాయి. నీళ్లు పీల్చే సన్నని వేర్లలో చాలా భాగం అన్నిటికంటే వేడిగా ఉండే చోటికే చేరతాయన్నమాట.

ఎంత వేడి? లెక్క వేద్దాం. 25 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న కుండీలో సుమారు 10 లీటర్ల మట్టి పడుతుంది. పడమటి ఎండ దాని పక్క మీద చదరపు మీటరుకు 450 వాట్ల చొప్పున పడుతోందనుకోండి. కుండీకి అందేది 28 వాట్లు. మూడు గంటల్లో దాదాపు 300 కిలోజౌళ్లు. తడి మట్టి లీటరును ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 2.5 కిలోజౌళ్లు చాలు. అంటే మట్టి మొత్తం 12 డిగ్రీలు పెరగాలి. కొంత వేడి గాలిలోకి పోతుంది కాబట్టి సగటు అంత పెరగదు. కానీ ఎండ తగిలే గోడను ఆనుకున్న మట్టి అంతకంటే ఎక్కువే కాగుతుంది. 40 డిగ్రీలు దాటితే చాలా పండ్ల మొక్కల వేర్ల పెరుగుదల ఆగిపోతుంది. 50 దగ్గర సన్నని వేర్లు చచ్చిపోతాయి. వేర్లు నీళ్లు అందించలేకపోతే, చుట్టూ ఎంత తడి ఉన్నా ఆకు వాడక తప్పదు.

ఇప్పుడు నీళ్లు ఎందుకు పోయకూడదో చూడండి. బడిలో ఆకులు ఆక్సిజన్ వదులుతాయని పిల్లల చేత వల్లె వేయిస్తాం. వేర్లకు ఆక్సిజన్ కావాలని మాత్రం గట్టిగా చెప్పం. చెప్పి తీరాలి! ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వేర్ల శ్వాసక్రియ సుమారు రెట్టింపవుతుంది. అదే సమయంలో లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ 25 డిగ్రీల వద్ద 8.3 మిల్లీగ్రాములుంటే, 40 వద్ద 6.4కు తగ్గుతుంది. నీటిలో ఆక్సిజన్ కదిలే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. వాడిన మొక్కకు మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తే మట్టిలోని గాలి సందులన్నీ మూసుకుపోతాయి. వేర్లకు ఊపిరాడదు, కుళ్లు పడుతుంది. నిండుగా పూసిన మొక్క ఇలా ఉన్నట్టుండి వాడితే దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పేస్తారు. దిష్టి తీయడానికి పట్టే ఆ కాసేపట్లో కుండీని నీడలోకి జరిపితే మొక్క బతుకుతుంది.

మట్టి కుండీ గొప్పతనం ఇక్కడే. దాని గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు ఊరి, బయట ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 జౌళ్ల వేడి కావాలి. మనం లెక్కగట్టిన 300 కిలోజౌళ్లను మోసుకుపోవడానికి 125 గ్రాముల నీరు చాలు. ఒక్క టీ గ్లాసు! వేసవిలో తాగే నీళ్ల కుండ చల్లబడేదీ ఇలాగే. అయితే రంగు వేసిన మట్టి కుండీ ఈ పని చేయలేదు, దాని రంధ్రాలు మూసుకుపోతాయి.

గాలిలో తేమను బట్టి ఈ చల్లదనానికి హద్దు మారుతుంది. 35 డిగ్రీల ఎండ, 60 శాతం తేమ ఉంటే తడి గోడ 28 డిగ్రీల దాకా చల్లబడగలదు. పడమటి వడగాడ్పు వీచే రోజున 41 డిగ్రీల ఎండ, 25 శాతం తేమ ఉంటే ఆ హద్దు 25. ఉక్కపోత రోజు కంటే వడగాడ్పు రోజునే కుండీ బాగా చల్లబడగలదు, గోడలో తడి ఉన్నంతసేపు. శ్రీకాకుళం, విజయనగరాల్లో మధ్యాహ్నం వచ్చే సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయ దిక్కుల నుంచి వస్తుంది. పడమటి బాల్కనీకి ఇల్లే దాన్ని అడ్డుకుంటుంది. అందుకని అక్కడ కుండీ గోడను నీడలో ఉంచడమే ముఖ్యం.

ప్లాస్టిక్ కుండీని పెద్ద మట్టి కుండీలో దించి, మధ్య సందులో కొబ్బరి పీచు కూరి, ఆ పీచును తడపండి. నీళ్లు నిలవకుండా రెండింటి అడుగునా రంధ్రాలుండాలి. అది కుదరకపోతే పడమటి వైపు తడి గోనెసంచి వేలాడదీయండి.

మధ్యాహ్నం ఆకు మీద పడ్డ నీటి బొట్టు భూతద్దంలా పనిచేసి ఆకును కాల్చేస్తుందంటారు. హంగరీ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధనలో నున్నని ఆకులకు అలాంటి ముప్పు లేదని తేలింది. అసలు ముప్పు ఎండలో పడి ఉన్న పైపులోని నీళ్లతో. ముందు వచ్చే ఆ వేడినీళ్లను బకెట్టులోకి వదిలేయండి.

ఇక మీ నిమ్మను రేపు తెల్లవారుజామున చూడండి. ఆకులు నిటారుగా నిలబడి ఉంటే వేర్లు బాగానే ఉన్నాయి, నీడ కల్పిస్తే చాలు. అప్పటికీ తలవాల్చి, మట్టి తడిగానే ఉంటే మొక్కను కుండీ నుంచి తీయండి. గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డ వేర్లను కత్తిరించి, నీరు సులువుగా జారిపోయే కొత్త మట్టిలో నాటి, చిగురు వేసేదాకా ఎండకు దూరంగా ఉంచండి.