పెద్దకోళ్లు పొడిచిన కోడిపిల్ల: అపోహలు - వాస్తవాలు

పెద్దకోళ్ల మధ్యకి వెళ్లిన చిన్నపిల్లను అవి పొడిచి పడేస్తే, పెంచేవాళ్లు మొదట వెతికేది మందు కోసం. ఏ ఆయింట్‌మెంట్ రాయాలి, ఏ టాబ్లెట్ వేయాలి అని టెన్షన్‌గా అడుగుతారు. కోళ్లకు వైద్యం చేసే నేను మొదట అడిగేది వేరు. రక్తం ఆగిందా? పిల్ల ఒళ్లు వెచ్చగా ఉందా? ఈ రెండూ చక్కబడితే గాయం చూసుకోవడానికి టైం దొరుకుతుంది. గాయాన్ని శ్రద్ధగా కడిగి, మందు రాసి, చలికి పిల్లను పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ముందు గాయానికి మందు రాయాలి.

గుడ్డులోంచి కొత్తగా వచ్చిన పిల్ల 40 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. ఒంట్లో రక్తమంతా కలిపినా ఇంచుమించు 3 మిల్లీలీటర్లే. ఒక మిల్లీలీటరు అంటే సుమారు 20 చుక్కలు. కాబట్టి నేలమీద మనకి కొంచెమే కదా అనిపించే రక్తం దానికి చాలా పెద్ద నష్టం. శుభ్రమైన మెత్తటి గుడ్డను గాయం మీద పెట్టి 5 నిమిషాలు వేలితో అదిమి పట్టుకోండి. దూది వద్దు, పోగులు గాయానికి అంటుకుంటాయి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ కారుతుంది.

తర్వాత వెచ్చదనం. నూగు మాత్రమే ఉన్న పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ఈకలు బాగా వచ్చేదాకా, అంటే 5, 6 వారాలదాకా దానికి బయటి వేడి కావాలి. దెబ్బ తిన్నాక ఆ అవసరం ఇంకా పెరుగుతుంది. మొదటి వారం పిల్లలకు 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉంచి, ఆపైన వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తాం. గాయపడిన పిల్లకైతే వయసుకు తగినదానికన్నా కాస్త ఎక్కువే ఉండేలా చూస్తాను. అయితే పిల్లను ఉంచిన పెట్టె మొత్తాన్ని వేడి చేయకండి. ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క మామూలుగా ఉంటే పిల్ల తనకి కావలసిన చోటికి జరుగుతుంది. నోరు తెరిచి, రెక్కలు దూరంగా పెట్టి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. ముడుచుకుని గట్టిగా కీచుమంటుంటే చాలడం లేదు. అసలు కదలలేని పిల్లను వేడి కోసం పెట్టిన బల్బు కిందే వదిలేసి వెళ్లొద్దు, తప్పించుకోలేక ఉడికిపోతుంది.

వెలుతురు తగ్గించండి, చప్పుడు లేకుండా చూడండి. ప్రేమకొద్దీ గంటకోసారి చేతిలోకి తీసుకుంటారు గానీ, ఆ సమయంలో పట్టుకున్న ప్రతిసారీ అది భయపడుతుంది.

అపోహ: నీరసంగా ఉంది కాబట్టి నోట్లో నీళ్లు పోయాలి.

కోడికి గాలిగొట్టం నోరు నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది. ముక్కు తెరిచి నీళ్లు పోస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముక్కు పక్క అంచున ఒక్క చుక్క ఆనిస్తే అదే మింగుతుంది. మింగాక ఇంకో చుక్క. తల నిలపలేని పిల్లకు అదీ వద్దు, ముందు వేడెక్కనివ్వండి. తేరుకున్నాక గోరువెచ్చని నీళ్లలో ఎలక్ట్రోలైట్ పొడి కలిపి, లోతులేని మూతలో చిన్న రాళ్లు వేసి పెట్టండి. నీరసంగా ఉన్న పిల్ల లోతైన గిన్నెలో తల వాల్చి మునిగిపోగలదు.

అపోహ: మంట పుట్టించే మందే క్రిముల్ని చంపుతుంది.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న కణాల్నీ చంపుతాయి. గాయం మానడం ఆలస్యమవుతుంది. పైగా స్పిరిట్ ఆవిరవుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. మరిగించి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపితే చక్కటి కడుగునీరు. గోరువెచ్చగా ఉన్నప్పుడు సిరంజితో నెమ్మదిగా జల్లి మట్టి, రెట్ట పోయేలా కడగండి. పొవిడోన్ అయోడిన్ (గాయాలకు వాడే గోధుమరంగు క్రిమిసంహారక మందు) వాడితే లేత టీ రంగుకి వచ్చేదాకా పలచన చేయండి. పిల్లను నీళ్లలో ముంచకండి. నూగు తడిస్తే అప్పటిదాకా ఇచ్చిన వెచ్చదనమంతా పోతుంది.

జిడ్డు ఆయింట్‌మెంట్లు మందంగా పూసినా ఇదే ఇబ్బంది, నూగు అట్టకట్టి వేడి నిలవదు. మనుషుల కోసం చేసిన, నొప్పి తెలియకుండా మొద్దుబార్చే క్రీముల జోలికి అసలు పోవద్దు. వాటిలోని లిడొకైన్, బెంజొకైన్ లాంటివి మనకి కొంచెమే గానీ 40 గ్రాముల ప్రాణికి విషమయ్యేంత మోతాదు.

కట్టు గురించి కూడా చెప్పాలి. పక్షులకు మనలా ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరిని నడిపే కండర పొర లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి ఆడుతుంది. ఛాతీ చుట్టూ బిగుతుగా కట్టు కట్టినా, గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నా పిల్లకు ఊపిరాడదు.

అపోహ: చర్మం ఆకుపచ్చగా మారింది, ఇక కుళ్లిపోయినట్టే.

చాలామందిని భయపెట్టేది ఇదే, నిజానికి భయపడనక్కరలేనిదీ ఇదే. మన చర్మం కమిలితే నీలంగా మారి తర్వాత పసుపు రంగుకి వస్తుంది. కోళ్లలో అక్కడ పేరుకున్న రక్తం విరిగి బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థంగా మారి కొన్నాళ్లు అలాగే ఉంటుంది. దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకి కనిపించే ఆ రంగు మామూలు కమిలిన గుర్తే. చెడు వాసన, నల్లబడి చెమ్మగా ఉండటం, చుట్టూ వాపు పెరగడం, ఇవి ఉంటే మాత్రం ఆలోచించాలి.

అపోహ: చీము కారడం లేదు, ఇన్ఫెక్షన్ లేనట్టే.

పక్షుల్లో చీము సాధారణంగా కారదు. దాన్ని ద్రవంగా కరిగించే ఎంజైమ్ వాటి తెల్లకణాల్లో లేకపోవడంతో గట్టి జున్నులా గడ్డకడుతుంది. అందుకే పైకి పొడిగా కనిపించే గాయం కింద గట్టి ముద్ద తగులుతోందా అని వేలితో తడిమి చూడాలి. ఆ ముద్దను నొక్కితే బయటికి రాదు, తీయించాల్సిందే.

అపోహ: తల తోలు ఊడితే బతకదు.

పెద్దకోళ్లు ఎక్కువగా పొడిచేది తలమీదే. తోలు లేచిపోయి కింద పుర్రె కనిపిస్తుంటే చూడటం కష్టమే. కానీ తింటూ, తాగుతూ, నిలబడుతున్న పిల్ల కోలుకునే అవకాశం నిజంగా ఉంది. గాయం ఎండిపోకుండా, మురికి పడకుండా చూసుకుంటే అంచుల నుంచి కొత్త చర్మం పాకుతూ వస్తుంది. వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఈగలు వాలకుండా పెట్టెకి సన్నటి వల కట్టి, రోజుకి రెండుసార్లు చూడండి. ఈగ గుడ్లు ఒక్క రోజులోపే పురుగులు కాగలవు.

ఇంట్లో చేయలేనివి కొన్ని ఉన్నాయి. తాగిన నీళ్లు మెడ కింది గాయంలోంచి బయటికి వస్తుంటే మేత సంచి చిరిగిందని అర్థం, కుట్లు పడాలి. చర్మం కింద గాలి చేరి ఉబ్బితే గాలి సంచికి, అంటే పక్షుల ఊపిరితిత్తులకు కలిసి ఉండే పలచటి సంచికి, దెబ్బ తగిలింది. మెడ తిరిగిపోవడం, కాలు విరగడం, పేగు కనిపించడం, గాయంలో పురుగులు, వీటిలో ఏదున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. బతకడం సాధ్యం కాని స్థితిలో బాధ లేకుండా పంపడం కూడా వైద్యంలో భాగమే. దాని గురించి అడగడానికి సంకోచించకండి.

అపోహ: ఎందుకైనా మంచిది, యాంటీబయాటిక్ వేసేద్దాం.

శుభ్రంగా ఉన్న పైపై గాయానికి అది అక్కర్లేదు. అవసరమైనప్పుడు బరువు తూచి మోతాదు లెక్కకట్టాలి. మనుషుల టాబ్లెట్‌ను కంటి అంచనాతో ముక్క చేసి వేయడం ప్రమాదం. నీళ్లలో కలిపి పెట్టినా జబ్బుగా ఉన్న పిల్ల తక్కువ తాగుతుంది, మందు చాలదు.

అపోహ: అవే కొట్లాడుకుని అవే సర్దుకుంటాయి.

కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరుస ఉంటుందని నార్వేకి చెందిన జంతుశాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డరప్-ఎబ్బె 1920ల తొలినాళ్లలోనే వివరించాడు. అయితే ఆ వరుస తేలేది ఢీకొనగలిగే, ఓడితే తప్పుకుని పారిపోగలిగే కోళ్ల మధ్య. నూగుపిల్ల రెండూ చేయలేదు. పైగా కోళ్లకి ఎరుపు బాగా కనిపిస్తుంది. ఒకటి రక్తం చూసి పొడిస్తే మిగతావీ చేరతాయి. తల్లికోడి తన పిల్లల కోసం ఎగబడుతుంది గానీ, తనవి కాని పిల్లల్ని తానే పొడిచి చంపే తల్లులూ ఉంటాయి.

గాయానికి ఊదారంగు మందు పూసి వెంటనే గుంపులో వదిలేస్తే కూడా చాలదు. రంగు ఎరుపును కప్పుతుంది, అంతే. చెమ్మగా మెరిసే గాయాన్ని అవి మళ్లీ పొడుస్తాయి.

అలాగని పిల్లను పూర్తిగా ఒంటరిగానూ ఉంచకూడదు. ఒంటరి పిల్ల అరిచి అరిచి మేత మానేస్తుంది. సాధువైన తోటిపిల్లను ఒకదాన్ని తోడు పెట్టి, అది గాయాన్ని పొడవడం లేదని గమనించండి. తోడు దొరక్కపోతే చిన్న అద్దం పెట్టినా కొంత నెమ్మదిస్తుంది.

గాయం పూర్తిగా మూసుకుని, ఈకలు వచ్చి, సైజులో పెద్దవాటికి దగ్గరయ్యాకే కలపాలి. ముందు వారం రోజులైనా మధ్యలో వల పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. మేత, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి, చిన్నవి మాత్రమే దూరగలిగే సందు ఒకటి వదలండి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది, పిల్లల కిడ్నీలు దాన్ని తట్టుకోలేవు. అందుకని కలిపి ఉంచినన్నాళ్లు అన్నిటికీ పెరిగే పిల్లల దాణానే పెట్టి, గుడ్ల కోళ్లకి గవ్వల పొడిని విడిగా పెట్టండి. కలిపిన మొదటి గంట అక్కడే ఉండి చూడండి. ఒకటీ అరా పొడుపులు మామూలే. ఒక్క కోడే వెంటపడి పొడుస్తుంటే పిల్లను తీయకండి, ఆ కోడిని కొన్నాళ్లు విడిగా పెట్టండి. అది తిరిగొచ్చేసరికి ఈ పిల్లకి గుంపులో చోటు దొరికి ఉంటుంది.