జొన్న వేరు ఆపుతుంది, కంది వేరు తెస్తుంది

యూరియా కొరత వచ్చిన ఏడాది తెలంగాణ పల్లెల్లో రైతులు సొసైటీ ముందు చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో పెట్టుకుని కూర్చుంటారు. అంత తంటాలు పడి తెచ్చిన 45 కిలోల బస్తాలో ఉండే నత్రజని దాదాపు 21 కిలోలు. చాలా పొలాల్లో అందులో సగం కూడా పంటకు అందదు. మిగిలింది ఎటు పోతోందో తెలిస్తే, పటాన్‌చెరు దగ్గరి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జొన్న వేర్ల మీద ఎందుకంత శ్రద్ధ పెట్టారో అర్థమవుతుంది.

యూరియా తడి మట్టిలో పడ్డాక యూరియేజ్ అనే ఎంజైము దాన్ని కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా మారుస్తుంది. పైపైన చల్లి వదిలేస్తే కొంత అమ్మోనియా వాయువై అక్కడికక్కడే గాలిలో కలిసిపోతుంది. మట్టిలో నిలిచిన అమ్మోనియానికి ధనావేశం ఉంటుంది, బంకమట్టి రేణువులకు రుణావేశం. కాబట్టి అది మట్టిని అంటిపెట్టుకుంటుంది. అలాగే ఉండిపోతే గొడవే లేదు. కానీ నైట్రోసోమోనాస్ లాంటి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఇంకొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేస్తాయి. వాటి బతుకుదెరువే అది. నైట్రేట్‌ది రుణావేశం, మట్టి దాన్ని పట్టుకోలేదు. ఒక గట్టి వానకు కిందికి దిగిపోతుంది, చివరికి బోరు నీళ్లలో తేలుతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. తెలంగాణలో చాలాచోట్ల భూగర్భజలం ఆ గీత ఎప్పుడో దాటింది. (ఇందులో మురుగునీటి వాటా కూడా ఉంది, నెపమంతా యూరియా మీదే వేయలేం.) నీళ్లు నిలిచి గాలి ఆడని చోట వేరే బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రస్ ఆక్సైడ్‌గా, నత్రజని వాయువుగా పైకి వదిలేస్తాయి. వందేళ్ల లెక్కలో నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

అంటే నష్టంలో పెద్ద వాటా, అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారడంతోనే మొదలవుతోంది. 2015లో యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి ఒక కారణం ఇదే. అమ్మోనియాన్ని మార్చే బాక్టీరియా జోరును వేప తగ్గిస్తుంది.

జొన్న ఆ పని తన వేరుతోనే చేసుకుంటుంది. దాని నూగువేళ్ల కొసల నుంచి పసుప్పచ్చని జిడ్డు చుక్కలు ఊరుతాయి. అందులో ఉండే పదార్థం సార్గోలియోన్. చుట్టుపక్కల కలుపును అణచడానికి జొన్న వదిలే విషంగానే శాస్త్రవేత్తలకు ముందు ఇది తెలుసు. నైట్రోసోమోనాస్‌లో అమ్మోనియాను ఆక్సీకరించే ఎంజైముకు కూడా అది అడ్డుపడుతుందని తరువాత తేలింది. సార్గోలియోన్ నీటిలో కరగదు కనుక వేరును ఆనుకునే ఉండిపోతుంది. నీటిలో కరిగే మరికొన్ని నిరోధకాలను కూడా జొన్న వదులుతుంది, అవి కాస్త దూరం పాకుతాయి. జపాన్‌లోని జిర్కాస్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థలో జి.వి. సుబ్బారావు బృందం ఏళ్ల తరబడి పట్టుబట్టి తవ్విన రంగం ఇది. జొన్న మీద ఇక్రిశాట్ కూడా వాళ్లతో కలిసి పనిచేసింది. ఇదే బృందం 2009లో ఒక పశుగ్రాసం వేళ్లలో ఇలాంటి పదార్థాన్నే గుర్తించింది. 2021లో ఒక అడవి గడ్డి క్రోమోజోము ముక్కను గోధుమలోకి ఎక్కించి ఈ గుణాన్ని తెప్పించగలిగింది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. జొన్న వేరు ఈ నిరోధకాలను దండగగా వదలదు. మట్టిలో అమ్మోనియం ఉంటేనే ఎక్కువగా వదులుతుంది. వేరు అమ్మోనియం లాక్కున్నప్పుడు బదులుగా ఆమ్లతను బయటికి పంపుతుంది, ఆ పుల్లదనం నీటిలో కరిగే నిరోధకాల విడుదలకు తోడ్పడుతుంది. ఇక్కడే మన నేలల తేడా లెక్కలోకి వస్తుంది. ఇక్రిశాట్ ప్రహరీ లోపల ఎర్రచెలక, నల్లరేగడి రెండూ ఉన్నాయి. రేగడిలో పిహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 దాటితే క్షారం) 8 దాటడం మామూలే, అక్కడ వేరు వదిలిన పుల్లదనాన్ని సున్నం విరిచేస్తుంది. ఒకే విత్తనం రెండు నేలల్లో ఒకేలా పనిచేస్తుందని అనుకోకూడదు.

కందిది వేరే దారి. గాలిలో నత్రజని 78 శాతం ఉన్నా ఏ మొక్కా దాన్ని నేరుగా వాడుకోలేదు. కంది తన వేరు బుడిపెల్లో రైజోబియం జాతుల బాక్టీరియాకు చోటిచ్చి, చక్కెర పెట్టి, ఆ నత్రజనిని తనకు పనికొచ్చే రూపంలోకి మార్పించుకుంటుంది. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టమే. రంగు ఉంటే పని జరుగుతోందని అర్థం. అయితే ఈ పని మొక్కకు చాలా ఖర్చుతో కూడింది. మట్టిలో నైట్రేట్ తేరగా దొరికితే కంది బుడిపెలు పెట్టడం తగ్గించేస్తుంది. కందికి యూరియా దండిగా వేయడమంటే డబ్బు పెట్టి మరీ ఉచిత నత్రజనిని ఆపుకోవడమే.

జొన్నలో కంది సాళ్లు వేసే పాత పద్ధతి ఇందుకే నాకు తెలివైనదిగా కనిపిస్తుంది. జొన్న ముందుగా ఎదిగి మట్టిలోని నత్రజనిని ఎక్కువ వాటాగా తీసుకుంటుంది. మట్టిలో నత్రజని తక్కువయ్యేసరికి కంది గాలి మీద ఆధారపడుతుంది. జొన్న కోసేశాక కంది తీరిగ్గా విస్తరిస్తుంది, నెలల తరబడి ఆకు రాలుస్తుంది. ఆ ఆకు కుళ్లి నత్రజని తిరిగి నేలకు చేరుతుంది.

పప్పుజాతి పంట ఏది వేసినా నేలకు బలం వస్తుందనే మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. వేరుశనగనే చూడండి. కాయల కోసం చెట్టును వేళ్లతో సహా పీకేస్తాం, కట్టెను పశువులకు మేపుతాం, కాయలు నూనె మిల్లుకు పోతాయి. గాలి నుంచి తెచ్చిన నత్రజనిలో చాలా భాగం బండెక్కి పొలం దాటిపోతుంది. ఆ పశువుల పేడ మళ్లీ అదే చెలకకు వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టే తరువాతి పంటకు ఎన్ని బస్తాలు కావాలో తేలుతుంది.